బల్లలు తలకిందులైన రోజు కేకలు వేసిన పిల్లలు



ఈ పూట మాకు ఇచ్చిన అంశం చిన్నబిడ్డల వంటి విశ్వాసం. ఈ మాట వినగానే మన సంఘాల్లో చాలామందికి ఒకటే బొమ్మ కనబడుతుంది. చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, నోరు మెదపకుండా కూర్చున్న పిల్లవాడు. ఎదురు అడగనివాడే మంచి బిడ్డ, అందుచేత ప్రశ్న వేయనివాడే మంచి విశ్వాసి. ఈ లెక్క ఎవరు కట్టారో గానీ, పిల్లలతో ఒక్క పూట గడిపినవాళ్ళు మాత్రం కాదు. సండే స్కూలు చెప్పే అక్కయ్యలను అడగండి. ఓడలో సింహం మేకను ఎందుకు తినలేదు? చేపలు కూడా ఓడ ఎక్కాయా? ఆ పేడంతా ఎవరు ఎత్తారు? ఈ చివరి ప్రశ్నను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

మార్కు సువార్త 10వ అధ్యాయంలో పిల్లలను యేసు దగ్గరికి తెస్తుంటే శిష్యులు గద్దించారు. ఆయన శిష్యుల మీద కోపపడ్డాడు. లూకా అదే సంగతి రాస్తూ వాళ్ళను శిశువులు అన్నాడు. అంటే ఎత్తుకుని తెచ్చిన పసికందులు. వాళ్ళకు ఆజ్ఞలు తెలియవు, వాక్యం కంఠతా రాదు, కానుక వేయలేరు, సాక్ష్యం చెప్పలేరు. పిల్లలు అమాయకులు గనుక దేవుని రాజ్యం వాళ్ళదని మనం సులువుగా చెప్పేసుకుంటాం. పసిపిల్లల మొండితనం చూసిన ఏ తల్లీ ఆ మాట పూర్తిగా ఒప్పుకోదు. వాళ్ళ చేతిలో ఏమీ లేదు, అదీ అసలు సంగతి. ఎవరో ఎత్తుకుంటేనే వస్తారు, ఇస్తేనే పుచ్చుకుంటారు.

మార్కు ఆ వెంటనే ఎవరిని తీసుకొచ్చాడో చూడండి. ఆస్తిపరుడు ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి మోకాళ్ళూనాడు. చిన్ననాటినుంచి ఆజ్ఞలన్నీ పాటించినవాడు. మన సంఘాల్లో అయితే ఆ వారమే కమిటీలోకి తీసుకుంటాం. యేసు అతణ్ణి ప్రేమించాడని కూడా రాసి ఉంది. కానీ ఉన్నదంతా అమ్మి బీదలకు ఇమ్మనేసరికి దుఃఖపడుతూ వెళ్ళిపోయాడు. పసిబిడ్డను ఆయన చేతులతో ఎత్తుకున్నాడు. ఈ మనిషి చేతులు నిండా ఉన్నాయి, అందులో దేన్నీ కింద పెట్టలేకపోయాడు.

అయితే పిల్లల విశ్వాసమంటే పుచ్చుకోవడం ఒక్కటే కాదు. మత్తయి 21వ అధ్యాయానికి రండి. మట్టల ఆదివారం మన పిల్లల చేతికి కొమ్మలిచ్చి ఊరేగింపు చేయిస్తాం, ఫొటోలు తీస్తాం, బాగుంటుంది. కానీ మత్తయి పిల్లలను ప్రత్యేకంగా చూపించింది ఆ దారిలో కాదు, దేవాలయంలో. యేసు లోపలికి వెళ్ళి రూకలు మార్చేవాళ్ళ బల్లలు పడదోశాడు, పావురాలు అమ్మేవాళ్ళ పీటలు పడదోశాడు. పావురం బీదవాళ్ళు తెచ్చుకునే అర్పణ. మరియ, యోసేపులు బిడ్డను తీసుకొచ్చినప్పటి అర్పణ గురించి లూకా చెప్పిందీ పక్షుల గురించే. ఆ బల్లలు పడ్డాక దేవాలయంలో గుడ్డివాళ్ళు, కుంటివాళ్ళు ఆయన దగ్గరికి వచ్చారు, స్వస్థపడ్డారు. అలాంటివాళ్ళు ఆ మందిరంలోకి రాకూడదనే సామెత దావీదు కాలంనాటిది, సమూయేలు రెండవ గ్రంథంలో ఉంది. అప్పుడు కేకలు వేశారు పిల్లలు. దావీదు కుమారునికి జయమన్నారు.

ప్రధాన యాజకులు కూడా అదే చూశారు. చేసిన వింతలను చూసి, పిల్లల కేకలు విని కోపంతో మండిపడ్డారని రాసి ఉంది. వింత కళ్ళముందు జరిగింది, వాళ్ళకు కనబడింది సద్దు మాత్రమే. పిల్లలు ఆ బల్లలకు ఇంకా అలవాటుపడలేదు. అందుకే అవి పడ్డప్పుడు సంతోషించగలిగారు.

యాజకులకు యేసు 8వ కీర్తన గుర్తుచేశాడు. ఆ కీర్తన ఒకసారి మొత్తం చదవండి, చిన్నదే. పసిపిల్లల నోటి మాట తర్వాత చంద్రుడు, నక్షత్రాలు వస్తాయి. డాబా మీద పడుకుని ఆకాశం చూసే పిల్లవాడి ఆశ్చర్యం అది. కానీ కీర్తనకారుడు అక్కడితో ఆగలేదు. ఇంత ఆకాశం చేసినవాడు మనిషిని జ్ఞాపకం చేసుకోవడమేమిటని విస్తుపోయాడు. ఆ మనిషి తలమీద దేవుడు మహిమను కిరీటంగా పెట్టాడంటాడు. నక్షత్రాన్ని చూసి ఆశ్చర్యపడి, పక్క మనిషిని చూసి ఏమీ అనిపించకపోతే కీర్తన సగమే చదివినట్టు.

ఆ కిరీటం ఉన్న తల ఎక్కడ వంగిందో మన తెలుగువాళ్ళ మధ్యనుంచే ఒక సంగతి చెబుతాం. కర్ణాటకలో కోలారు బంగారు గనులు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన గనులవి, 2001లో మూతపడ్డాయి. అరవవాళ్ళు, తెలుగువాళ్ళు తరతరాలుగా అక్కడ కూలికి దిగారు. ఆ ఊళ్ళో కార్మికుల పాయిఖానాలను చేతులతో ఎత్తి శుభ్రం చేసిన కుటుంబాలు తెలుగు దళిత కుటుంబాలు. అలాంటి ఇంట్లో 1966లో పుట్టినవారు బెజవాడ విల్సన్. బడిలో అంటరానివాడిగా చూశారు. పెరిగి పెద్దయ్యాక తనవాళ్ళు ఆ గుంట దగ్గర చేసే పని కళ్ళారా చూసి ఏడ్చానని ఆయనే చెప్పారు.

చూడండి, ఆ పని అక్కడ ఎవరికీ రహస్యం కాదు. అధికారులు చూశారు, ఇరుగుపొరుగు చూశారు. అది వాళ్ళ పని అనుకున్నారు. చేసేవాళ్ళు కూడా మన రాత ఇంతే అనుకున్నారు. మొదటిసారి చూసినట్టు చూసి, ఇది ఎందుకు అని అడగడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. ఆ ఒక్క "ఎందుకు" ఎంత దూరం వెళ్ళిందో మీకు తెలుసు. ఎస్.ఆర్. శంకరన్ వంటివారితో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ మొదలైంది. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు కాలువల్లో దిగి చనిపోయినవాళ్ళ కుటుంబాలకు పది లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలని కోర్టు చెప్పింది. 2016లో ఆయనకు మెగసెసె అవార్డు వచ్చింది. చట్టం వచ్చాక కూడా మనుషులు మ్యాన్‌హోళ్ళలో చనిపోతూనే ఉన్నారు. ఆ వార్త మనకు ఇప్పుడు పేపర్లో ఆరో పేజీ వార్త. అదీ మా భయం.

బెంగళూరులో పౌరకార్మికులుగా, చెన్నైలో పారిశుద్ధ్య కార్మికులుగా తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ళలో మన విశ్వాసులూ ఉన్నారు. తెల్లవారుజామున రోడ్డు ఊడ్చి, స్నానం చేసి, ఆరాధనకు వచ్చి వెనక వరుసలో కూర్చుంటారు. ఒక సండే స్కూలు క్లాసులో ఎనిమిదేళ్ళ పాప అడిగింది: "ఆ ఆంటీ రోజూ మన వీధి అంతా ఊడుస్తుంది కదా, మరి గుడి కూడా ఆమే ఎందుకు ఊడవాలి? ఆదివారం ఆమెకు సెలవు లేదా?" టీచరు నవ్వేసి పాట అందుకుంది. ఓడలో పేడ ఎవరు ఎత్తారన్న ప్రశ్న కూడా ఇదే. పిల్లలకు ఎత్తే మనిషి కనబడతాడు.

ఇక్కడ ఇంకో మాట. ముంబయిలో, బరంపురంలో, హోసూరులో పెరిగే మన పిల్లలు చాలామంది తెలుగు చదవలేరు. పాటలు మరాఠీ లిపిలోనో ఒరియా లిపిలోనో రాసుకుని పాడతారు. దాన్ని మనం లోటుగానే చూస్తాం, లోటే కూడా. కానీ ఆ పిల్ల ఇంటికొచ్చి "తాతయ్యా, కృప అంటే ఏంటి?" అని అడిగితే, నలభై ఏళ్ళుగా రోజూ ఆ మాట అంటున్న తాతయ్య ఒక్క నిమిషం ఆగిపోతాడు. ఆ నిమిషం పోగొట్టుకోకండి. "నీకిప్పుడు తెలియదులే" అని పంపించేయకండి. కూర్చోబెట్టుకుని, మన వాడుక భాషలో, పాత మాటలేవీ లేకుండా చెప్పి చూడండి. కష్టంగానే ఉంటుంది.

వేసవి విబిఎస్ దగ్గరికి వచ్చింది. ముగింపు రోజున పిల్లలచేత వాక్యాలు అప్పజెప్పించి, స్టీలు డబ్బాలు బహుమతిగా ఇస్తాం కదా, ఇవ్వండి. ఈసారి దానితోపాటు మత్తయి 21 నెమ్మదిగా చదివి వినిపించి, వాళ్ళు అడిగిన ప్రశ్నలన్నీ వాళ్ళ మాటల్లోనే ఒక చార్టు మీద రాయించండి. తప్పులు దిద్దవద్దు, ఏ లిపిలో రాసినా సరే. ఆ చార్టును గుడి లోపల, పెద్దలు కూర్చునే వైపు గోడకు అంటించండి. జవాబు తెలియనిచోట ఖాళీ వదలండి. గుడి ఊడ్చే ఆంటీ గురించి అడిగితే, జవాబు పాస్టరు గారి మీదికి నెట్టకుండా యౌవనస్థులు చీపురు పట్టే వంతులు వేసుకుని ఆ పట్టిక కూడా పక్కనే అంటించవచ్చు.

చార్టు కాగితాలు, స్కెచ్ పెన్నులు వెనక బల్ల మీద ఉన్నాయి. ఒక్కో సంఘానికి రెండేసి. భోజనాలు అయ్యాక పట్టుకెళ్ళండి.