రెండో అవకాశం ఎవరికి? ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు, ఒక కొత్త మేనేజర్

(విద్యార్థుల అధ్యయన వేదికలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు కొత్త మేనేజర్ రావడం గురించి ఈరోజు మాట్లాడతాను. దానితో మనకేం పని అని కొందరు అనుకోవచ్చు. నా పరిశోధన క్రీడా సంస్థల్లో నియామకాల గురించి. పెద్ద సంస్థల్లో ఎంపికలు కమిటీల వెనక, ఫైళ్ల వెనక జరుగుతాయి. చిన్న క్లబ్బులో ఆ తెరలు తక్కువ. ఎవరు ఎవర్ని ఎందుకు నమ్ముతున్నారో కొంచెం దగ్గరగా చూడొచ్చు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు ఆ వ్యవస్థ ఎలా ఉంటుందో చెప్పాలి. ఇంగ్లండ్‌లో పైన ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్బులు, దాని కింద ఫుట్‌బాల్ లీగ్ మూడు డివిజన్లలో 72 క్లబ్బులు. ఈ 92కి కింద ఉన్నదంతా నాన్-లీగ్. పేరులోనే 'కాదు' అనే మాట ఉంది చూడండి. అక్కడ చాలామంది ఆటగాళ్లు పగలు వేరే ఉద్యోగం చేసుకుంటూ, వారంలో రెండు సాయంత్రాలు ప్రాక్టీసు చేసి, శనివారం మ్యాచ్ ఆడతారు. మేనేజర్లదీ చాలాచోట్ల అదే పరిస్థితి. మన హైదరాబాద్‌లో ఎస్.ఎ. రహీం గారు స్కూలు టీచరుగా ఉంటూ ఫుట్‌బాల్ శిక్షకుడిగా ఎదిగి, 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో భారత జట్టుకు బంగారు పతకాలు తెచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఉద్యోగం చేసుకుంటూ ఆటను నడిపే మనుషులు మనకు కొత్త కాదు.

ఈ రెండు లోకాల మధ్య తలుపు చాలాకాలం ఎలా ఉండేదో కూడా తెలియాలి. లీగ్‌లో అట్టడుగున నిలిచిన క్లబ్బులు మళ్లీ ఎన్నిక కోసం దరఖాస్తు చేసుకునేవి. బయటి క్లబ్బులూ చేసుకునేవి. ఓటు వేసేది మాత్రం లోపల ఉన్న క్లబ్బులే. నాన్-లీగ్‌లో నువ్వు మొదటి స్థానంలో నిలిచినా, లోపలివాళ్లకు నచ్చకపోతే బయటే ఉండాలి. ఈ పద్ధతి 1987లో పోయింది. గెలిచిన జట్టు నేరుగా పైకి, ఓడిన జట్టు నేరుగా కిందికి. ఆ ఏడాది స్కార్‌బరో పైకి వెళ్లింది, లింకన్ సిటీ కిందికి దిగింది. తర్వాతి ఏడాదే లింకన్ గెలిచి తిరిగి వచ్చింది. క్లబ్బుల విషయంలో పరిచయం స్థానంలో పాయింట్ల పట్టిక వచ్చింది. మేనేజర్ల విషయంలో అలాంటి పట్టిక ఏదీ రాలేదు.

నాన్-లీగ్ క్లబ్బుకు కొత్త మేనేజర్ ఎలా వస్తాడు? మామూలుగా సీజన్ మధ్యలో, వరసగా ఓడిపోతున్నప్పుడు పాతాయన వెళ్లిపోతాడు. వచ్చే శనివారం మ్యాచ్ ఉంది. చైర్మన్‌కు ప్రకటన ఇచ్చి, దరఖాస్తులు పిలిచి, ఇంటర్వ్యూ చేసేంత తీరిక ఉండదు. ఫోన్ తీస్తాడు. తనకు తెలిసిన ఒకరిద్దరికి చేస్తాడు. వాళ్లు తమకు తెలిసిన మరొకరి పేరు చెబుతారు. వచ్చినాయన తన అసిస్టెంటును వెంట తెచ్చుకుంటాడు. ఆటగాళ్లను కూడా తెచ్చుకుంటాడు. కాంట్రాక్టు లేని ఆటగాడిని వేరే క్లబ్బు నుంచి తీసుకోవాలంటే ఆ క్లబ్బుకు ఏడు రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు. అందుకే మేనేజర్ మారినప్పుడల్లా పాత క్లబ్బు నుంచి కొందరు ఆయన వెనకే నడుస్తారు. అంటే క్లబ్బు ఒక మనిషిని తీసుకుంటున్నప్పుడు, నిజానికి ఒక పరిచయాల వలయాన్ని తీసుకుంటోంది. ఆ వలయంలో లేనివాడికి ఖాళీ ఉందనే సంగతి కూడా, అది నిండిన తర్వాతే తెలుస్తుంది.

ఇందులో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. నల్లవాడు వద్దని ఎవరూ అనలేదు. వివక్ష అంటే దూషణ మాత్రమే అనుకుంటే ఇక్కడ మనకు ఏమీ దొరకదు. మనుషులు తమలాంటి వాళ్లనే ఎక్కువగా ఎరిగి ఉంటారు, ఎరిగినవాళ్లనే నమ్ముతారు. వర్ణం, కులం ఇంత నిశ్శబ్దంగా కూడా పని చేస్తాయి.

ఇప్పుడు ఒక మనిషి కథ చెబుతాను. కీత్ అలెగ్జాండర్. 1956లో నాటింగ్‌హామ్‌లో పుట్టాడు. ఆటగాడిగా ఎక్కువ కాలం నాన్-లీగ్‌లోనే గడిపాడు. 1988లో గ్రిమ్స్‌బీ టౌన్ ద్వారా లీగ్‌లోకి వచ్చేసరికి ఆయనకు 31 ఏళ్లు. 1993లో లింకన్ సిటీ ఆయన్ను మేనేజర్‌గా నియమించింది. ఫుట్‌బాల్ లీగ్‌లో మొదటి పూర్తికాలపు నల్లజాతి మేనేజర్‌గా ఆయన్ను చెప్పుకుంటారు. ఒక్క సీజన్. 1994లో తీసేశారు.

ఫలితాలు బాగోలేకపోతే మేనేజర్‌ను తీసేయడం ఫుట్‌బాల్‌లో రోజూ జరిగేదే. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ప్రశ్న ఆ తర్వాతది. ఒకచోట తీసేసిన మేనేజర్లు కొన్ని నెలల్లో మరో లీగ్ క్లబ్బులో కనిపించడం అక్కడ మామూలే. 'అనుభవం ఉంది' అంటారు. వైఫల్యం కూడా అనుభవంగా లెక్కలోకి వస్తుంది. అలెగ్జాండర్‌కు ఏ లీగ్ క్లబ్బు నుంచీ ఆ పిలుపు రాలేదు. 1996లో డెర్బీషైర్‌లోని ఇల్కెస్టన్ టౌన్ అనే నాన్-లీగ్ క్లబ్బు బాధ్యత తీసుకున్నాడు. ఒకప్పుడు బొగ్గు గనులు, లేసు మిల్లులతో బతికిన చిన్న పట్టణం అది. అక్కడ 2000 దాకా ఉన్నాడు. క్లబ్బును సదరన్ లీగ్ ప్రీమియర్ డివిజన్‌కు చేర్చాడు, ఎఫ్.ఏ. కప్‌లో రెండో రౌండ్ దాకా నడిపించాడు. తర్వాత మరో నాన్-లీగ్ క్లబ్బు నార్త్‌విచ్ విక్టోరియా. అక్కణ్ణుంచి అసిస్టెంటుగా లింకన్‌కు తిరిగొచ్చి, 2002లో మళ్లీ మేనేజర్ అయ్యాడు. తీసేసిన నాటి నుంచి లెక్కేస్తే ఎనిమిదేళ్లు.

ఆయన వచ్చేనాటికి లింకన్ దగ్గర డబ్బు లేదు. ఐటీవీ డిజిటల్ కుప్పకూలడంతో ప్రసార హక్కుల సొమ్ము ఆగిపోయి క్లబ్బు దివాలా అంచుకు చేరింది. కొనడానికి స్తోమత లేదు కాబట్టి నాన్-లీగ్‌లో తను చూసిన ఆటగాళ్లను తెచ్చుకున్నాడు. ఆ జట్టు 2003 నుంచి 2006 వరకు వరసగా నాలుగేళ్లు ప్లే-ఆఫ్‌కు చేరింది. 2003లో, 2005లో ఫైనల్ ఆడి ఓడింది. 2003 చివర్లో మెదడులో రక్తనాళం దెబ్బతిని ప్రాణం మీదకు వచ్చినా, కోలుకుని మళ్లీ పనిలోకి వచ్చాడు. 2010 మార్చిలో, మాకిల్స్‌ఫీల్డ్ టౌన్ మేనేజర్‌గా ఉండగానే, 53 ఏళ్లకు చనిపోయాడు.

ఈ కథను 'కష్టపడితే ఎవరైనా పైకి రావొచ్చు' అని చెప్పుకోవడం తేలిక. నేను అలా చదవను. 1994లో లేని ప్రతిభ 2002లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇల్కెస్టన్ కమిటీ ఆ రోజు మరో పేరు ఎంచుకుని ఉంటే, మెరిట్ లేదని ఆయన గురించి ఈపాటికి తీర్మానించేసి ఉండేవాళ్లం. మెరిట్ కనిపించాలంటే ముందు పని చేతికి రావాలి.

అలెగ్జాండర్‌కు ముందే టోనీ కాలిన్స్ ఉన్నాడు. 1960లో రోచ్‌డేల్‌కు ప్లేయర్-మేనేజర్ అయ్యాడు. నాలుగో డివిజన్ జట్టును 1962 లీగ్ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. 1967లో రోచ్‌డేల్ వదిలాక ఆయన పేరు నిలిచింది ఎక్కువగా స్కౌట్‌గా. పెద్ద క్లబ్బుల కోసం ఆటగాళ్లను గుర్తించే పని. ఎవరిలో ప్రతిభ ఉందో చెప్పడానికి ఆయన కళ్లు పనికొచ్చాయి. మేనేజర్ కుర్చీ మాత్రం మళ్లీ అంత సులువుగా రాలేదు.

ఈ సమస్యకు నిబంధన పెట్టలేదా అంటే, పెట్టారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2003లో రూనీ రూల్ వచ్చింది. హెడ్ కోచ్ పదవికి కనీసం ఒక మైనారిటీ అభ్యర్థిని ఇంటర్వ్యూ చేయాలని అప్పట్లో నియమం పెట్టారు. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ లీగ్ 2016లో పది క్లబ్బుల్లో దీన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తర్వాత అన్ని క్లబ్బులకూ వర్తింపజేసింది. కానీ ఒక మెలిక ఉంది. ఇంటర్వ్యూలు జరిగితేనే ఈ నిబంధన వర్తిస్తుంది. చైర్మన్ ముందే ఒకర్ని అనుకుని నేరుగా ఫోన్ చేస్తే నిబంధనకు పనే లేదు. అసలు జబ్బు ఆ ఫోన్‌లో ఉంది, మందు ఇంటర్వ్యూ గదిలో పెట్టారు.

ఇంటర్వ్యూ జరిగినా దొరికేది కూర్చుని మాట్లాడే హక్కే, పదవి కాదు. ఇక్కడున్న పరిశోధక మిత్రులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రిజర్వుడు పోస్టుకు ఇంటర్వ్యూ పెట్టి, 'తగిన అభ్యర్థి దొరకలేదు' అని రాసి ఖాళీగా వదిలేయడం మన విశ్వవిద్యాలయాల్లో ఎంత మామూలైందో మీకు తెలుసు. ఆ 'తగిన' అనే మాటకు అర్థం ఎవరు రాస్తున్నారన్నదే రెండు చోట్లా ప్రశ్న.

మన దేశపు ఆటలో దీనికి పాత సాక్ష్యం పల్వంకర్ బాలూ. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన చమార్ బౌలర్. హిందూ జట్టుకు ఆయన బౌలింగ్ కావాలి, అయినా కెప్టెన్‌గా ఎన్నడూ నియమించలేదు. 1923లో ఆ పదవి ఆయన తమ్ముడు విఠల్‌కు దక్కింది. అది కూడా ఏళ్ల తరబడి నిరసన తర్వాత. తర్వాతి రాజకీయాల్లో బాలూ, బాబాసాహెబ్ ఎదురెదురుగా నిలబడ్డారు, 1937 ఎన్నికల్లో పోటీ కూడా పడ్డారు. ఆ విభేదం వల్ల బాలూకు జరిగిన అన్యాయం చిన్నదైపోదు.

బాబాసాహెబ్ 1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో షెడ్యూల్డ్ కులాలకు చట్టసభల్లో మాత్రమే కాదు, కార్యనిర్వాహక వర్గంలోనూ, ఉద్యోగాల్లోనూ ప్రాతినిధ్యం అడిగారు. సభలో కూర్చోవడం వేరు, నిర్ణయం తీసుకునే చోట ఉండటం వేరు అని ఆయనకు స్పష్టంగా తెలుసు. మైదానంలో పదకొండు మందిలో మనవాళ్లు ఎంతమంది అని లెక్కపెట్టి ఆగిపోయేవాళ్లకు ఇది గుర్తుచేయాలి. ఆ పదకొండు మందిని ఎంపిక చేసేది ఎవరు? ఆ ఎంపిక చేసేవాడిని ఎంపిక చేసేది ఎవరు?

కాబట్టి అడగాల్సినవి పెద్ద విషయాలేమీ కావు. ఖాళీ ఉంటే అందరికీ తెలిసేలా ప్రకటించాలి. తాత్కాలికంగా వేసినవాడిని చడీచప్పుడు లేకుండా శాశ్వతం చేయకూడదు. ఏ లక్షణాలు చూస్తారో ముందే రాసిపెట్టాలి. తిరస్కరిస్తే కారణం చెప్పాలి. ఒకసారి విఫలమైనవాళ్లలో ఎవరికి మళ్లీ పిలుపు వస్తోంది, ఎవరికి రావట్లేదు అన్న లెక్క బయటపెట్టాలి. మొదటి అవకాశాల లెక్క చాలామంది తీస్తారు. రెండో అవకాశాల లెక్క తీయండి. సమానత్వం ఎంత దూరంలో ఉందో అక్కడ తెలుస్తుంది.

మన విభాగాల్లో, హాస్టల్ జట్లలో, విద్యార్థి సంఘాల్లో కూడా బాధ్యతలు చేతులు మారుతుంటాయి. వచ్చేసారి మారినప్పుడు మన ఫోన్ ముందుగా ఎవరికి వెళ్తోందో ఒకసారి చూసుకుందాం. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను.

జై భీమ్.