లూపు దగ్గరే ఆగిపోయిన పాట

(సేవాలాల్ జయంతి సభలో యువతీ యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను "చదువు, క్రమశిక్షణ" అన్న విషయం మీద మాట్లాడమన్నారు. అది నేను హాస్టల్లో రోజూ మాట్లాడేదే, మీరు రోజూ విననిదే. అందుకని పెద్దల అనుమతితో ఇంకో సంగతి ఎత్తుకుంటాను. మీ ఫోన్లలో ఉన్న పాటల సంగతి. మీరు వినే పాటలు కాదు, మీరు చేసే పాటలు. సరిగ్గా చెప్పాలంటే, చేయడం మొదలుపెట్టి వదిలేసిన పాటలు.

ముందే చెబుతున్నాను, నేను సంగీతం నేర్చుకున్నదాన్ని కాదు. బి.ఇడి. చేసి వార్డెన్ ఉద్యోగంలో చేరినాను. జమ్మలమడుగు, పులివెందుల, ఇప్పుడు ప్రొద్దుటూరు, ఈ మూడు ఊర్లలోనూ ఆడపిల్లల హాస్టళ్లు చూసినాను. రాత్రి పదిన్నరకు రౌండ్సుకు పోతే ఏదో ఒక దుప్పటి కింద వెలుగు కనబడుతుంది. ఎవరితోనో చాటింగ్ అనుకుని ఒకసారి ఒక డిగ్రీ పిల్ల ఫోను లాక్కున్నాను. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంటే డప్పు వినబడింది. దాని కింద బేస్, పైన మన కంచు తళె శబ్దం. భలే ఉంది. పదహారు సెకన్లు నడిచి మళ్లీ మొదటికి వచ్చింది. ఇంకా పదహారు సెకన్లు, మళ్లీ మొదటికి.

"తర్వాత ఏముంది?" అన్నాను.

"తర్వాత ఏం లేదు మేడం, అంతే" అనింది.

ఆ ఫోన్లో అలాంటివి 43 ఉన్నాయి. ఒక్కటీ పూర్తి కాలేదు. తర్వాత మిగతా పిల్లలను అడిగితే తెలిసింది, ఇది ఆ పిల్ల ఒక్కదాని జబ్బు కాదని. ఈ హాల్లో కూడా బ్యాండ్‌ల్యాబ్ యాప్ ఉన్నవాళ్లు, సైబర్ కేఫ్‌లోనో అన్న ల్యాప్‌టాప్‌లోనో ఎఫ్ఎల్ స్టూడియో తెరిచినవాళ్లు ఉంటారు. మీ దగ్గర కూడా ఉంటాయి ఆ పదహారు సెకన్లు.

లూపు అంటే తెలియని పెద్దలకు ఒక మాట. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడితే ఒక బార్. అలాంటివి ఎనిమిది కలిపి, అయిపోగానే తిరిగి మొదలయ్యేటట్లు కట్టిన శబ్దమే లూపు. ఇది కొత్తదేమీ కాదు. 1948లోనే ఫ్రాన్సులో పియెర్ షెఫర్ అనే ఆయన గ్రామఫోను రికార్డు మీద గాడిని గుండ్రంగా మూసేసి, ముల్లు అదే చోట తిరిగేటట్లు చేసినాడు. రైలు శబ్దాలతో సంగీతం కట్టినాడు. ఇప్పుడు అదే పని మీ బొటనవేలు చేస్తుంది.

లూపు కట్టడం సులభం, వినడానికీ బాగుంటుంది. అక్కడే చిక్కు. బాగుండే కొద్దీ దాన్నే వంద సార్లు వింటారు. వంద సార్లు విన్న చెవికి అదే పాట అనిపిస్తుంది, మార్చబుద్ధి కాదు. అంతలో ఇంకో లూపు మొదలుపెడతారు.

సరే, ఆ పిల్ల కథకు వస్తాను. పేరు చెప్పనని మాటిచ్చినాను.

నేను "ఒక్కటన్నా పూర్తి చెయ్యి" అని వెంటపడితే, సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు వాళ్ల అవ్వ దగ్గర ఢావ్లో రికార్డు చేసుకుని వచ్చింది. ఢావ్లో అంటే మనలో పెళ్లికూతురు అత్తారింటికి పోయేటప్పుడు అమ్మను, నాన్నను, అన్నదమ్ములను పట్టుకుని పాటగా ఏడ్చే ఏడుపు. దానికి డప్పు ఉండదు, లెక్క ఉండదు. ఊపిరి ఎంతదాకా వస్తే మాట అంతదాకా సాగుతుంది. నాకు ఢావ్లో రాదు. మా అమ్మకు వచ్చు. నా పెళ్లిలో మైకుసెట్టులో సినిమా పాటలు పెట్టినారు, నేనూ వద్దనలేదు. ఆ సంగతి ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

ఆ పిల్ల ఏం చేసిందంటే, అవ్వ గొంతులో ఒక సాగుడు మాటను నాలుగు సెకన్లు కత్తిరించింది. రెండు బార్లు. కొలతకు సరిపోయేటట్లు సాగదీసింది, గొంతును పైకి లేపింది, కింద డీజే బీటు వేసింది. కాపీ, పేస్ట్ కొట్టి మూడు నిమిషాల పన్నెండు సెకన్లు చేసింది. ఇంకేం, పాట పూర్తయిందనుకుంది. తీజ్ పండగలో తండాలో పెద్ద బాక్సుల్లో వేసినారు. పిల్లలందరూ ఎగిరినారు. వీడియో నాకు కూడా పంపింది. నేనూ "శభాష్" అని బొటనవేలు గుర్తు పెట్టినాను. నా తెలివి అంతే.

అవ్వ మాత్రం లేచి ఇంట్లోకి పోయిందంట. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత మన గోర్ బోలీలో ఒకే మాట అనింది. తెలుగులో చెప్పాలంటే ఇట్లా: "ఏడ్చిన చోటనే నన్ను ఎందుకు మళ్లా మళ్లా ఏడిపిస్తావే? నన్ను పోనియ్యవా?"

ఆ పిల్ల ఫోన్లో ఈ మాట చెబుతుంటే నేను లెక్క వేసినాను. 192 సెకన్లలో నాలుగు సెకన్ల ముక్క 48 సార్లు. ఢావ్లోలో పెళ్లికూతురు ఏడుస్తుంది, ఒక్కొక్కరి దగ్గర సెలవు తీసుకుంటుంది, చివరికి వెళ్లిపోతుంది. వెళ్లిపోవడానికే ఆ పాట. మన పిల్ల కట్టిన దాంట్లో అవ్వ 48 సార్లు వాకిలి దాకా వచ్చి, 48 సార్లు వెనక్కి లాగబడింది. పొడుగు పెరిగింది గానీ పాట లూపు దగ్గరే ఆగిపోయింది.

ఇట్లాంటిది ప్రపంచంలో చాలా పెద్దగా జరిగింది. పసిఫిక్ సముద్రంలో సోలమన్ దీవులు ఉన్నాయి. అక్కడ మలైటా దీవిలో బేగు భాష మాట్లాడే అఫునక్వా అనే ఆమె పాడిన జోలపాటను హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు 1970 ప్రాంతంలో రికార్డు చేసినాడు. తండ్రి లేని తమ్ముణ్ని ఊరడించే జోల అది. 1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచి జట్టు ఆమె గొంతును తీసుకుని, బీటు మీద పెట్టి "స్వీట్ లల్లబై" అని విడుదల చేసింది. ప్రపంచమంతా విన్నారు. ఎంతమంది పొరబడినారంటే, 1996లో యాన్ గార్బరెక్ అనే నార్వే సంగీతకారుడు అదే రాగాన్ని వాయించి దానికి "పిగ్మీ లల్లబై" అని పేరు పెట్టినాడు. పిగ్మీలు ఉండేది ఆఫ్రికాలో. పాట వచ్చింది ఇంకో సముద్రంలో నుంచి. ఆమె పేరు పోయింది, ఊరు పోయింది, ఆఖరికి ఖండం కూడా మారిపోయింది. 

అది పరాయివాళ్లు చేసిన పని. మనం మన అవ్వకే చేస్తే దాన్నేమనాలి? యూట్యూబ్‌లో "బంజారా డీజే" అని కొట్టి చూడండి, రాత్రంతా విన్నా తరగవు. పాడిన మనిషి పేరు ఎన్నింటి కింద ఉందో మీరే లెక్కపెట్టండి. డీజే పేరు మాత్రం పాట మధ్యలో నాలుగు సార్లు అరుస్తుంది.

నేను డీజే వద్దనడం లేదు. కొందరు పెద్దలు వద్దంటారు, వాళ్లతో నాకు పేచీ ఉంది. పిల్లలు ఎగరకపోతే ఆ గొంతును ఎవరు వింటారు? హోలీకి పాడే లెంగీ పాటలు ఎగరడానికి పుట్టినవే. వాటి కింద బీటు వేస్తే ఎవరికీ నొప్పి లేదు. ఢావ్లో వేరు. కత్తెర పట్టుకునే ముందు ఆ పాట ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో తెలుసుకోవాలి.

సెలవులైనాక ఇద్దరం కూర్చున్నాం. ఆ పిల్ల చేతిలో ఫోను, నా చేతిలో లెసన్ ప్లాన్ రాసే పుస్తకం. 120 వేగంలో ఒక బార్ రెండు సెకన్లు. ఎనిమిది బార్లు పదహారు సెకన్లు. మూడు నిమిషాల పన్నెండు సెకన్లంటే అలాంటి గడులు పన్నెండు. పుస్తకంలో పన్నెండు గడులు గీసినాం. ఒక్కో గడిలో ఏం జరుగుతుందో ముందు తెలుగులో రాసినాం. "అవ్వ ఒక్కతే ఉంది." "అమ్మ దగ్గరికి పోయింది." "బండి కదిలింది." మాటల్లో రాయలేని గడి శబ్దంలో కూడా ఖాళీగానే ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత పని తలకిందులుగా చేసినాం. ఉన్న శబ్దాలన్నీ పన్నెండు గడుల నిండా పరిచేసి, ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చినాం. పత్తి సాళ్లలో మొక్కలు పలచన చేసినట్లే. మొదటి రెండు గడుల్లో డ్రమ్ము తీసేసినాం. తళె శబ్దం, రికార్డింగులో పడిన మేకల అరుపు, అవ్వ గొంతు, అంతే. మేకల అరుపు చెరిపేస్తానని పిల్ల అనింది, నేను ఉంచమన్నాను. మూడో గడిలో డప్పు దూరం నుంచి వస్తుంది. బేస్ ఐదో గడి దాకా రాదు. ఏడో గడిలో అన్నీ ఆగిపోతాయి, పదహారు సెకన్లు అవ్వ ఒక్కతే. పిల్లలు ఎగిరేది ఆ తర్వాతే, ఎనిమిది నుంచి పది దాకా. చివరి రెండు గడుల్లో ఒక్కొక్క శబ్దం తప్పుకుంటుంది. ముందు బేస్, తర్వాత డప్పు, ఆ తర్వాత గొంతు. తళె మిగులుతుంది.

గొంతు విషయంలో చాలా తిప్పలు పడినాం. లెక్క లేని పాటను లెక్కలో కూర్చోబెట్టాలి కదా. సాగదీస్తే గొంతు రేకు డబ్బాలో నుంచి వచ్చినట్లు ఉంది. మూడు రాత్రుళ్ల తర్వాత ఆ పిల్లే దారి కనిపెట్టింది. అవ్వ ఊపిరి తీసుకున్న చోట మాత్రమే కత్తిరించింది. ప్రతి మాట మొదలు బార్ మొదట్లో పడేటట్లు పెట్టి, చివరను ఎంత పొడుగు పోతే అంత పోనిచ్చింది. బీటు తన దారిన పోతుంది, అవ్వ తన దారిన పోతుంది, ఊపిరి దగ్గర ఇద్దరూ కలుసుకుంటారు.

1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు చేసిన పని కూడా దీనికి దగ్గరే. రోలాండ్ కంపెనీ కొత్తగా తెచ్చిన యంత్రాలను తిరిగిందే తిరిగేటట్లు పెట్టి, వాటి మీద పది రాగాలు వాయించి రికార్డు వేసినాడు. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలైనాక విదేశాల వాళ్లు నోరు తెరిచినారు. అందులో యంత్రం కదలదు, రాగం నడుస్తుంది. 

అంత దూరం కూడా పోనక్కరలేదు. మన కడప జిల్లాలో చెక్కభజన చూడని వాళ్లు ఉన్నారా? అడుగు అదే, చెక్క దెబ్బ అదే. గురువు కనుసైగ చేస్తే నిదానం నుంచి ఉరవడిలోకి పోతుంది. ఒక్క దెబ్బతో ఆగుతుంది. జమ్మలమడుగులో ఉన్నప్పుడు పక్క పల్లెల్లో తెల్లవార్లూ చూసినాను. అప్పుడు నాకు తెలియదు, పాటను అమర్చడం అంటే అదేనని. మీకు అనుమానం వస్తే యాప్ మూసేసి ఒక రాత్రి చెక్కభజన చూడండి. ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు ఆపాలో కాళ్లకు తెలుస్తుంది.

కొన్ని చిన్న సంగతులు, ఫోన్లో పనిచేసేవాళ్లకు. ఇయర్‌ఫోన్లో బాగున్న బేస్ ఫోను స్పీకర్లో అసలు వినబడదు, డీజే బాక్సుల్లో గుండె అదరగొడుతుంది. మూడింట్లోనూ విని చూడండి. మేము ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర ఒక ఆటో అన్నను బతిమాలి ఆయన స్పీకర్లో కూడా విన్నాం. అప్పుడే అవ్వ గొంతు డప్పు కింద మునిగిపోతోందని తెలిసింది. శబ్దం పెంచుకుంటూ పోయి గీత ఎర్రగా మారనివ్వకండి. ఒకటి పెంచాలనిపిస్తే ఇంకొకటి తగ్గించి చూడండి. దాచుకోవడానికి వేవ్ ఫైలు, పంచుకోవడానికి ఎంపీ3. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపండి. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్ వెర్షన్లో సేవ్ చేసిన పనిని మళ్లీ తెరవలేరు, అది తెలియక నెల రోజుల కష్టం పోగొట్టుకుని మా హాస్టల్లో అన్నం మానేసిన పిల్ల ఉంది. సినిమా పాట ముక్క తీసుకుంటే యూట్యూబ్ పట్టుకుంటుంది. మీ తండా శబ్దాన్ని మీరే రికార్డు చేసుకుంటే ఆ బాధ లేదు, కానీ అక్కడ అడగాల్సిన మనిషి ఎదురుగానే ఉంటుంది. రికార్డింగు మొదట్లోనే ఆమె గొంతుతో పేరు, తండా, పాట ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పించండి. దాన్ని ఏం చేయబోతున్నారో ఆమెకు అర్థమయ్యేటట్లు చెప్పండి. వద్దంటే ఊరుకోండి.

రెండోసారి చేసిన పాటను ఆ పిల్ల ముందు అవ్వకే వినిపించింది. వీధిలో కాదు, ఇంట్లో, చిన్న స్పీకర్లో. నేనూ పోయినాను. ఏడో గడి వచ్చేసరికి నాకే చేతులు చల్లబడినాయి. అవ్వ కళ్లు మూసుకుని చివరిదాకా వినింది. మెచ్చుకోలేదు. డప్పు ఇంకా ఎక్కువగా ఉందనింది. ఇంకొకటి అడిగింది: "నా పేరు పెట్టినావు సరే, ఈ పాట నాకు నేర్పింది మా అక్క. ఆమె పేరు ఏది?"

ఆ పేరు పెట్టినాం. డప్పు తగ్గించినాం. ఇంక ఆ పిల్ల ఫోన్లో 42 మిగిలి ఉన్నాయి. రెండో దాని మీద కూర్చుంది, ఈసారి లెంగీ, కాబట్టి డప్పు తగ్గించమని ఎవరూ అనరు.

భోజనాలైనాక ఆ మూడు నిమిషాల పన్నెండు సెకన్లు ఇక్కడ వినిపిస్తాం. అవ్వ ఒప్పుకుంది. మొదటి వరుసలోనే కూర్చుని ఉంది, అందుకని మైకు అన్నా, బేస్ కొంచెం చూసుకో.