కీ ఇచ్చే వాచీ నేర్పిన పాఠం

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పేరున్న పెద్ద సంస్థలు కొత్త విద్య దగ్గరకొచ్చేసరికి ఎందుకు వెనకబడతాయో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ఇంజనీరునూ కాదు, వ్యాపారస్థుణ్ణీ కాదు. కాని మా మామూది వాచీ రిపేరు కొట్టు. చిన్నతనంలో సెలవులన్నీ ఆ బల్ల పక్కనే గడిపినవాణ్ణి. కనుక వాచీల కథే మనవి చేస్తాను.

వాచీ అంటే స్విట్జర్లాండు అని లోకమంతా అనుకునే రోజులవి. అక్కడి కంపెనీలు కొన్ని కలిసి 1962లో న్యూషాటెల్ పట్నంలో ఎలక్ట్రానిక్ వాచీల పరిశోధనకు ఒక కేంద్రం పెట్టుకున్నాయి. 1967లో ఆ కేంద్రంవారు క్వార్ట్జ్ చేతివాచీ నమూనా తయారు చేశారు. మన కీ వాచీలో చక్రం సెకనుకు అయిదారు సార్లు కొట్టుకుంటుంది. ఈ కొత్త వాచీలో స్ఫటికపు ముక్క సెకనుకు వేల సార్లు కంపిస్తుంది. అందుకే టైము అంత ఖచ్చితంగా ఉంటుంది.

అయితే దాన్ని ముందుగా బజారుకు తెచ్చింది ఎవరు? జపానువారి సీకో కంపెనీ. 1969 డిసెంబరు 25న టోక్యోలో అమ్మకానికి పెట్టారు. ధర 4,50,000 యెన్లు. ఒక చిన్న కారు ఖరీదు! నెలకు తేడా 5 సెకన్లే. స్విస్‌వారు కూడా 1970లో తమ క్వార్ట్జ్ వాచీ తెచ్చారు గాని, మనసంతా పాత వాచీ మీదనే పెట్టుకున్నారు. 1970లో అక్కడ వాచీ పనిలో సుమారు 90 వేలమంది ఉండేవారు. 1980ల నడిమికి ఇంచుమించు మూడో వంతే మిగిలారు. వారి డబ్బు మారకపు విలువ పెరగడం వంటి వేరే కారణాలూ లేకపోలేదు. కాని చేతిలో ఉన్న విద్యను వాడుకోకపోవడం పెద్ద కారణం.

ఇక్కడ ఒక్క మాట గమనించండి. వాళ్ళకు తెలియక కాదు చెడింది. తెలిసీ చెడ్డారు. ఎందుకంటే, కొత్తదాన్ని పాత తక్కెడలో తూచారు. "ఇంత ఖరీదు వాచీ ఎవరు కొంటారు? సెల్లు అయిపోతే ఎవరు మారుస్తారు?" అనుకున్నారు. ఆనాటికి అది సరైన లెక్కే. కాని ఏడాది ఏడాదికీ ధర పడిపోతుందని ఆ లెక్కలో లేదు. అంతకంటే ముఖ్యమైనది, కొత్తది వస్తే ఎవరి పని, ఎవరి పరువు పోతుందో వారే తీర్పరులుగా కూర్చున్నారు.

పాత సంస్థ అయితే ఇంతే అనుకోకండి. సీకో కూడా 1881లో ఒక చిన్న కొట్టుగా మొదలైన పాత సంస్థే. స్విస్‌వారు సైతం దెబ్బ తిన్నాక తేరుకున్నారు. 1983లో స్వాచ్ అనే చవక క్వార్ట్జ్ వాచీని 51 భాగాలతోనే తయారు చేశారు. వయసు నేరం కాదన్నమాట.

మన దేశంలో హెచ్.ఎం.టి. 1961లో జపానువారి సిటిజన్ సహకారంతో బెంగుళూరులో వాచీలు మొదలుపెట్టింది. పెళ్ళికొడుకు చేతికి ఆ వాచీ ఉంటే అదొక గౌరవం. ఆ సంస్థ కూడా క్వార్ట్జ్ వాచీలు చేసింది. కాని 1984లో పుట్టిన టైటాన్ మొదటినుంచీ క్వార్ట్జ్‌నే నమ్ముకుని ముందుకుపోయింది. ఏళ్ళ తరబడి నష్టాల తర్వాత హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసివేయడానికి 2016 జనవరిలో కేంద్రప్రభుత్వం నిర్ణయించింది.

ఇక మా మామూ సంగతి. కంటికి భూతద్దం తగిలించుకుని వెంట్రుకంత స్ప్రింగును సరిచేసేవాడు. ఎవరైనా సెల్లు వాచీ తెస్తే, "దీనికి ప్రాణం లేదు నాయనా, పక్క కొట్టుకి తీసుకుపో" అనేవాడు. కొట్లో పని నేర్చుకునే కుర్రాడు, "ఉస్తాద్, నాలుగు సెల్లులు తెచ్చి పెడదాం" అని ఎన్నిసార్లో అడిగాడు. "నలభై ఏళ్ళు నేర్చిన చేత్తో రెండు నిమిషాల పని చెయ్యనా?" అని కసిరేవాడు. చివరికి ఆ కుర్రాడు ఎదురుగానే కొట్టు పెట్టుకున్నాడు. మామూ తెలివితక్కువవాడు కాడు. అంత గొప్ప పనివాడు కాబట్టే ఆ మాట చెవికెక్కలేదు.

మామూని ఎంచడానికి ఇక్కడ నిలబడలేదు నేను. మన సంఘం కూడా ఒక పాత సంస్థే కదా! ఏటా కుట్టుమిషన్లు పంచుతున్నాం, మంచి పని. రెండేళ్ళ క్రితం మన ఆడపిల్ల ఒకతె కమిటీ ముందుకు వచ్చి, "కుట్టుతోపాటు కంప్యూటరు మీద డిజైన్లు గీయడం, ఫోనులో ఆర్డర్లు తీసుకోవడం కూడా నేర్పండి" అని అడిగింది. కుట్టు తరగతి నడిపే మమ్మల్నే అభిప్రాయం అడిగారు. "చూద్దాంలే అమ్మా" అన్నాం. ఆ మాట అన్నవారిలో నేనూ ఒకణ్ణి. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు.

ఆనాడు మేము మామూ కుర్చీలో కూర్చున్నాం.

కనుక నా మనవి ఒక్కటే. ఉన్న పనులు ఆపనక్కరలేదు. ఏటా కొద్దిపాటి సొమ్ము విడిగా తీసి, కొత్త పనుల పరీక్షకు పెడదాం. దాని మంచిచెడ్డలు తేల్చేది పాత తరగతులు నడిపే మాబోటివాళ్ళం కాకూడదు. నేర్చుకోవలసిన పిల్లలు, వారి తల్లులు కూర్చుని తేల్చాలి. పది ప్రయత్నాల్లో ఆరు పోతే పోనివ్వండి. పోయిన సొమ్ము మళ్ళీ వస్తుంది. పోయిన పిల్ల మళ్ళీ మన గడప తొక్కుతుందో లేదో!

ముందుగా ఆ అమ్మాయి ఇంటికి నేనే వెళ్ళి రమ్మని అడుగుతాను.