కురిచేడు నుంచి బెజవాడకి ఒక్క రోజు షాపింగ్: బేరం ఎక్కడ ఆడాలి, ఎక్కడ ఆడకూడదు?

ఈ రోజు టాపిక్ మీలో చాలామంది అడిగిందే. కురిచేడు, దొనకొండ, మార్కాపురం వైపు నుంచి పొద్దున్నే బయల్దేరి బెజవాడ వెళ్లాలి. బట్టలు, మేకప్ సామాన్లు చవగ్గా కొనుక్కోవాలి, రాత్రికి ఇంటికొచ్చేయాలి. ఎట్లా?

అసలు మాట ముందే చెప్పేస్తా. ఒంటి మీద వేసుకునేదానికి ఎంతైనా బేరం ఆడండి. ఒంటికి పూసుకునేదానికి మాత్రం ఆడొద్దు. ఎందుకో వీడియో చివరిదాకా చూస్తే మీకే అర్థమవుతుంది.

మొదట లెక్క. మీ దగ్గర 3000 ఉన్నాయనుకుందాం. ఛార్జీలు, ఆటో, టిఫిన్, భోజనం తీసేశాక మిగిలేదే మీ అసలు బడ్జెట్. ఒక్క డ్రెస్ కోసమే అయితే బెజవాడ దాకా పోవద్దు. వినుకొండలోనో మార్కాపురంలోనో కొనుక్కుంటేనే చవక. పండగకో పెళ్లికో ఇంటిల్లిపాదికీ కొనాలన్నప్పుడు, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తేనే గిట్టుబాటు.

మన లైన్‌లో రైలు వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు వెళ్తుంది. గుంటూరు నుంచి బెజవాడకి బస్సులకి కొదవ లేదు. దారిలో మంగళగిరి వస్తుంది కదా, నూలు చీర, డ్రెస్ మెటీరియల్ కావాలంటే అక్కడే దిగండి. మంగళగిరి నేతకి జీఐ గుర్తింపు ఉంది. చీర ఒళ్లంతా ప్లెయిన్‌గా ఉండి, అంచులో జరీ ఉండటం దాని గుర్తు. చేనేత అని చెప్పి మరమగ్గం బట్ట అంటగడతారేమో అని డౌట్ ఉంటే సొసైటీ షాపులో కొనండి, హ్యాండ్లూమ్ మార్క్ ఉందా అని అడగండి.

బెజవాడ చేరాక ముందు వన్ టౌన్, తర్వాత బీసెంట్ రోడ్. వన్ టౌన్‌లో వస్త్రలత అని హోల్‌సేల్ బట్టల కాంప్లెక్స్ ఉంది. హోల్‌సేల్‌లో చాలాచోట్ల సెట్టు లెక్కన అమ్ముతారు, ఒక్క పీస్ ఇవ్వమంటే ఇవ్వరు. అందుకే ముగ్గురు కలిసి వెళ్లమన్నది. సెట్టు తీసుకుని పంచుకోండి.

బీసెంట్ రోడ్ అంటే తెలిసిందే. టాప్స్, చెప్పులు, బ్యాగులు, కమ్మలు, క్లిప్పులు, అన్నీ అక్కడే. మొదటి బండి దగ్గరే కొనేయొద్దు. మూడు చోట్ల రేటు అడగండి, ఒక ఐడియా వస్తుంది. తర్వాత మీ రేటు మీరు చెప్పండి. "అన్నా, రెండు తీసుకుంటా, ఎంతకిస్తావ్?" అంటే ఒకటి అడిగినప్పటికంటే రేటు దిగుతుంది. కానీ మీరడిగిన రేటుకి ఆయన సరే అన్నాక "చూసొస్తాం" అని వెళ్లిపోవద్దు ఫ్రెండ్స్. పొద్దున్నుంచి ఎండలో నిలబడిన మనిషి ఆయన. చివరి పది రూపాయల కోసం పావుగంట గొడవపడటం కూడా అనవసరం.

బట్ట చూసేటప్పుడు తిరగేసి కుట్టు చూడండి. లోపల మడత ఎక్కువుంటే రేపు వదులు చేయించుకోవచ్చు. జిప్పు రెండుసార్లు లాగండి. తడి తెల్ల కర్చీఫ్‌తో ఒక మూల రుద్దండి, రంగు అంటిందంటే మొదటి ఉతుకులోనే పోతుంది. ట్యూబ్‌లైట్ కింద కాదు, బయట వెలుగులో రంగు చూడండి.

ఇప్పుడు మెయిన్ పాయింట్. డబ్బా మీద 599 ఉన్న క్రీమ్ ఫుట్‌పాత్ మీద 100కి ఇస్తున్నారంటే, ఆ 499 ఎక్కడ తగ్గిందో ఆలోచించాలి కదా. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం లేబుల్ మీద తయారీదారు పేరు, అడ్రస్, లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, ఎప్పటిలోపు వాడాలో తేదీ ఉండాలి. ఫారిన్ సరుకైతే దిగుమతి చేసినవాళ్ల పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ కూడా ఉండాలి. ఇవి లేకపోతే డబ్బా కింద పెట్టేసి వచ్చేయండి.

దీనికి కారణం పాదరసం. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో కొంతమందికి కిడ్నీ జబ్బు వచ్చింది. డాక్టర్లు ఆరా తీస్తే, వాళ్లు తెల్లబడటానికి వాడిన ఊరూపేరూ లేని క్రీముల్లో పాదరసం తేలింది. మన రూల్స్‌లో మొహం క్రీమ్‌కి పాదరసం హద్దు పది లక్షల్లో ఒక వంతు. పాదరసం చర్మంలో రంగు తయారవకుండా ఆపేస్తుంది. అంటే మొహం నిజంగానే తెల్లబడుతుంది! అదే దీంట్లో మోసం. "పనిచేస్తోంది" అనుకుని ఇంకో డబ్బా కొంటారు. లోపల కిడ్నీ దెబ్బతింటూ ఉంటుంది. పూసుకున్న చేతులతో పసిపిల్లల్ని ఎత్తుకుంటే వాళ్లకీ అంటుతుంది. ఇంట్లో చూసి కనిపెట్టే దారి లేదు, అందుకే లేబుల్ లేనిది కొనొద్దంటున్నా. ఇప్పటికే వాడుతుంటే ఆపేయండి. మొహం, కాళ్లు వాచినా, మూత్రంలో నురగ వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ డబ్బా కూడా తీసుకెళ్లి చూపించండి.

మన ఏరియా నుంచే ఒక చెల్లి అడిగింది: "అక్క పెళ్లి పది రోజుల్లో ఉంది, నేను నల్లగా ఉంటానని అందరూ అంటున్నారు, తొందరగా తెల్లబడే క్రీమ్ చెప్పండి" అని. చెల్లీ, పది రోజుల్లో తెల్లబరిచే క్రీమ్ ఏదైనా ఉందంటే నేను భయపడేది దాని గురించే. కొత్తగా ఏదీ మొదలుపెట్టొద్దు. ఏది వాడాలన్నా ముందు మోచేతి లోపలివైపు రాసి రెండు రోజులు చూడు. కాజల్, లిప్‌స్టిక్ సీల్ ఉన్నవి, బిల్లుతో కొనుక్కో. మిగిలిన డబ్బులతో బీసెంట్ రోడ్‌లో గాజులు, కమ్మలు, బొట్టుబిళ్లలు ఎన్ని కావాలంటే అన్ని బేరమాడి తెచ్చుకో. మన ఎండలో పెరిగిన మొహం నల్లగా కాక ఎట్లా ఉంటుంది? అనేవాళ్లు అననీ. పెళ్లి ఫోటోలో నువ్వు నవ్వుతూ ఉండు, చాలు.

ఆఖరుగా బిల్లు. షాపులో కొంటే అడిగి తీసుకోండి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు పెట్టినా సరే, సరుకులో లోపం ఉంటే బిల్లులో రాసిన గడువులోపు తీసుకోవాలి. గడువు రాయకపోతే 30 రోజులు. 2019 వినియోగదారుల చట్టంలో ఉంది ఇది. బిల్లు ఇవ్వకపోవడం కూడా తప్పే. ఎంఆర్‌పీ కంటే పైసా ఎక్కువ అడగకూడదు, అందులోనే ట్యాక్సులన్నీ ఉంటాయి. వినకపోతే 1915కి ఫోన్ చేయండి.

అంతే ఫ్రెండ్స్. ఈ పండగకి బెజవాడ వెళ్లే మీ ఫ్రెండ్‌కి ఈ వీడియో పంపండి. మీరు ఏం కొన్నారో, ఎంతకి తగ్గించారో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!