నిర్దోషి అన్న తీర్పు తరువాత
(నర్సీపట్నం సభలో చేసిన ప్రసంగ పాఠం)



యూసుఫ్ ప్రవక్త (అలైహిస్సలాం) వృత్తాంతం మనకందరికీ తెలిసినదే. రాజు నుండి విడుదల కబురు వచ్చినా ఆయన వెంటనే చెరసాల దాటి రాలేదు. తనపై మోపిన నింద సంగతి ముందు విచారించమన్నారు. తలుపు తెరుచుకోవడం వేరు, పేరు కడగబడడం వేరు.

2007 డిసెంబరు 27న విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నం హాస్టలులో మన బిడ్డ ఆయేషా మీరా హత్యకు గురైంది. 2008 ఆగస్టులో పోలీసులు సత్యంబాబు అనే నిరుపేద దళిత యువకుణ్ణి నిందితుడిగా చూపారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు అతనికి శిక్ష విధించింది. అతడు దోషి కాడని మొదటి నుండీ చెప్పినవారెవరు? ఆ బిడ్డ తల్లిదండ్రులే. కడుపుకోత అనుభవిస్తున్న షంషాద్ బేగం గారు, ఎవరో ఒకరు జైలులో ఉన్నారు కదా అని ఊరుకోలేదు. మన సమాజం తల ఎత్తుకొని చెప్పుకోదగిన సాక్ష్యమిది. మన సభలలో ఎందుకో తక్కువగా వినిపిస్తుంది.

2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయలు చెల్లించమని ఆదేశించింది. అప్పటికి ఎనిమిదిన్నరేళ్లు దాటాయి. లెక్క వేస్తే రోజుకు సుమారు 32 రూపాయలు! మరి ఆయేషాకు? 2018లో కేసు సీబీఐకి వెళ్లింది. 2019లో తెనాలిలో సమాధి తవ్వి, అవశేషాలను మళ్లీ పరీక్షించారు. తప్పుడు మనిషిని శిక్షించి అసలు జాడను చల్లారనిచ్చినందుకు ఆ తల్లి రెండోసారి మూల్యం చెల్లించింది.

హైదరాబాదు సంగతి ఇంకొక రకం. 2007 మే 18 మక్కా మసీదు పేలుడు తరువాత పట్టుకున్న మన యువకులు నిర్దోషులుగా బయటపడ్డారు. 2012లో రాష్ట్ర ప్రభుత్వం 16 మందికి తలా 3 లక్షలు ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ చెల్లింపును కొట్టివేసింది. నిర్దోషి అయినంత మాత్రాన పరిహారం హక్కు కాదన్నది. ప్రభుత్వ దయగా వచ్చినది అలాగే పోతుంది, చట్టం ఇచ్చినదైతే నిలుస్తుంది.

ఆ చట్టమే లేదు. కారణం లేని అరెస్టుకు బాధ్యుడైన వ్యక్తి నుండి ఇప్పించే పరిహారం వెయ్యి రూపాయలు మించరాదని పాత నేర ప్రక్రియా స్మృతి చెప్పింది. 2024 జులై నుండి అమలైన కొత్త సంహితలోనూ అదే వెయ్యి. 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో ప్రత్యేక న్యాయస్థానాలతో పరిహార చట్టం చేయమని సిఫారసు చేసింది. అది కాగితం మీదనే ఉంది. మనం అడగవలసినది ముస్లిములకు మాత్రమే కాదు, సత్యంబాబుకు కూడా వర్తించే ఆ చట్టాన్ని.

నర్సీపట్నం ఏజెన్సీకి ముఖద్వారం. దారి తనిఖీలలో ఎవరి బండి ఎప్పుడు ఆగుతుందో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. నిర్బంధంలో ఉన్న ప్రతి వ్యక్తికీ 1987 చట్టం ప్రకారం ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. అరెస్టయిన మొదటి రోజే అడగండి. నిర్దోషిగా విడుదలైన వారు తీర్పు నకలును ధ్రువీకరణ ముద్రతో తీసుకొని భద్రపరచండి. ఉద్యోగమైనా, పాసుపోర్టయినా, ఆడపిల్ల సంబంధమైనా, ముందుగా అడిగేది ఆ కాగితాన్నే.