పొదగడమా, తాపడమా? మన ఇళ్లలోని టీపాయిల గురించి నాలుగు మాటలు

(సాంస్కృతికోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిపంతుళ్ళం. మా తాతగారు, మా నాన్నగారు, ఆ తర్వాత మేము. మూడు తరాలుగా సుద్దముక్క చేత వదలలేదు. అరవై దాటినా ఈ బహ్రెయిన్‌లో సాయంకాలం వేళ మీ పిల్లలకు తెలుగు చెప్పే భాగ్యం మాకు మిగిలే వుంది. ఈ సభలో తెలుగు భాష మీద మాట్లాడవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. మన భాష తేనెకన్న తీయనిది అంటే మీరు చప్పట్లు కొడతారు, బిర్యానీ తిని ఇంటికి వెళ్లి మరచిపోతారు. అందువల్ల ఈసారి మీ ఇంట్లోనే వున్న ఒక వస్తువును పట్టుకుని వచ్చాము. అది మీ ముందుగదిలోని టీపాయి.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. టీపాయిలో టీ లేదు. హిందీలో ‘తిపాయీ’ అంటే మూడు కాళ్లది. ఇంగ్లీషువారు దాన్ని పలకబోయి తమ తేనీటితో ముడిపెట్టుకున్నారు. మన ముక్కాలిపీటకూ దానికీ అర్థం ఒక్కటే. తర్వాత నాలుగు కాళ్లు వచ్చాయి, సోఫాలు వచ్చాయి, బల్ల ఎత్తు తగ్గింది, పేరు మాత్రం నిలిచింది. ఇప్పుడు దాన్ని కాఫీ టేబుల్ అంటున్నారు. ఏ పేరు పెట్టినా దాని మీద వుండేవి పత్రికలూ, ఫోన్లూ, పిల్లల హోంవర్కులే గదా!

1950 నుంచి 1980 దాకా గల్ఫ్‌కు వచ్చిన మనవారి ఇళ్లలో ఒక రకం టీపాయిలు కనబడతాయి. నల్లని శీషం కర్ర మీద ఇత్తడి తీగలతో లతలూ, పువ్వులూ, ఏనుగులూ వుంటాయి. కొన్నిటికి చలవరాతి పలక మీద రంగురాళ్ల పువ్వులు. సెలవుకు వెళ్లినప్పుడు ఢిల్లీలోనో, బొంబాయిలోనో, ఆగ్రాలోనో కొని, దుప్పట్లలో చుట్టి, నానా తంటాలూ పడి తెచ్చుకున్నవి. వాటిని ఎవరు చేశారు, ఎలా చేశారు అన్నది చాలామందికి తెలియదు. ఆ సంగతి చెప్పడానికి మనకు రెండు తెలుగు మాటలు కావాలి.

మా తరగతిలో ఒకనాడు ‘పొదుగు’ అనే క్రియ చెప్పి వాక్యాలు వ్రాయమన్నాము. కోడి గుడ్లను పొదుగుతుంది అని ఒక చిన్నవాడు వ్రాశాడు. కంసాలి ఉంగరంలో రాయిని పొదుగుతాడు అని ఒక అమ్మాయి వ్రాసింది. రెండూ సరియైనవే. రెంటిలోనూ వున్న పని లోపల చోటిచ్చి, విడవకుండా పట్టి వుంచడమే. ఇక రెండవ మాట తాపడం. గుడిలో ధ్వజస్తంభానికి ఇత్తడి రేకు తొడిగితే అది తాపడం. తాపడం తక్కువ పనేమీ కాదు. అయితే తాపడాన్ని పొదుగుడు పని అని అమ్మితే అది మోసం. బజారులో జరుగుతున్నది చాలావరకు ఇదే.

ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురి అనే వూరు ఇత్తడి తీగ పొదగడానికి పేరుపొందింది. ఆ పనిని తారకషీ అంటారు. బాగా ఆరిన శీషం పలక మీద ముందు బొమ్మ గీస్తారు. సన్నని ఉలితో గీత వెంబడి గాడి తొలుస్తారు. ఇత్తడి తీగను ఆ గాడిలో నిలబెట్టి సుత్తితో దిగగొడతారు. చుక్క కావాలంటే తీగను చిన్న చుట్టగా చుట్టి దాన్నే దించుతారు. తర్వాత అంతా సమంగా అరగదీసి నూనె పట్టిస్తారు. గాడి వెడల్పయితే తీగ నిలవదు, ఇరుకయితే చెక్క చీలుతుంది. కొలత అంతా చేతిలోనే వుంది. సహారన్‌పూర్ చెక్కపనివారు కూడా శీషంలో ఇత్తడి పొదిగి బల్లలు చేస్తారు.

ఆగ్రా పనిది వేరే దారి. చలవరాతిని తొలిచి, లాజవర్దం, మాలకైట్, ఎర్ర అకీకు, ముత్యపు చిప్ప వంటివాటిని సాన మీద రేకలుగా అరగదీసి, ఒక్కొక్క రేకనూ దాని గుంటలో అతికిస్తారు. ఈ పనిని పర్చిన్‌కారీ అంటారు. 1622–1628 మధ్య కట్టిన ఇత్మాదుద్దౌలా సమాధిలోనూ, ఆ తర్వాత తాజ్‌మహల్‌లోనూ చూడవచ్చు. ఇక మన హైదరాబాదు వారికి తెలిసిన బిద్రీ వుండనే వుంది. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, దానిలో వెండి పొదిగి, బీదరు కోట మట్టిని నవసారంతో కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగా మిగులుతుంది. పూర్వం వెండికి బదులు ఇత్తడి పొదిగినవీ వున్నాయి.

ఇదంతా పైవాళ్ల పని, మన తెలుగువాళ్లకేమిటి అంటారేమో. పదిహేడవ శతాబ్ది చివరినుంచి విశాఖపట్నం ఈ పొదుగుడు పనికి ప్రసిద్ధి. రోజ్‌వుడ్, నల్లచేవ కర్రలలో ఏనుగుదంతం పొదిగి, దంతం మీద లతలు చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపేవారు. కుర్చీలు, బల్లలు, వ్రాతపెట్టెలు ఓడలెక్కి ఇంగ్లండు జమీందార్ల ఇళ్లకు పోయాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈనాటికీ విశాఖ పేరుతోనే వున్నాయి. చేసినవారి పేర్లు మాత్రం వాటి మీద లేవు. దంతపు వ్యాపారం నేడు నిషిద్ధం, అది ఏనుగులకు మంచిదే. కాని దంతంతో పాటు ఆ ఉలి పనితనం కూడా మన సముద్రతీరాన కనుమరుగైందే అన్నది మా బాధ.

మనం నిలబడిన ఈ దీవికి కూడా ఈ విషయంలో చెప్పుకోదగ్గ వంతు వుంది. నాలుగువేల ఏళ్ల క్రితం దిల్మూన్ అన్న పేరుతో ఈ ప్రాంతం వ్యాపారకేంద్రం. సింధులోయ ఎర్ర అకీకు పూసలు ఇక్కడి సమాధుల్లో దొరికాయి. ఇరాక్‌లోని ఉర్ నగరంలో 1920లలో త్రవ్వకాలు జరిపినప్పుడు సుమారు 4,500 ఏళ్లనాటి ఒక చెక్కపెట్టె దొరికింది. దాని మీద ఆల్చిప్ప, లాజవర్దం, ఎర్రరాయి ముక్కలను తారుతో పొదిగారు. ఆ ఉర్ వర్తకులకు రాగి వచ్చింది దిల్మూన్ మీదుగానే. క్రీ.పూ. 1750 ప్రాంతంలో ఏయా నాసిర్ అనే వర్తకుడు నాసిరకం రాగి అంటగట్టాడని ఒక కొనుగోలుదారు మట్టిపలక మీద వ్రాసిన ఫిర్యాదు బ్రిటిష్ మ్యూజియంలో వుంది. లోహంలో మోసమూ, దాని మీద తగాదా రెండూ పాతవే!

ఈ మధ్యకాలానికి వస్తే, ఇక్కడి పాత ఇళ్లలో ఇత్తడి మేకులు వరుసగా కొట్టిన పెద్ద చెక్కపెట్టెలు చూసి వుంటారు. పెళ్లికూతురి బట్టలూ నగలూ వాటిలో వుండేవి. సూరత్, బొంబాయి, మలబారు రేవులనుంచి తెరచాప ఓడల్లో ఎన్నో వచ్చాయి. 1965లో దీనారు వచ్చేదాకా ఇక్కడ చెల్లింది రూపాయే గదా, రాకపోకలు అంత దగ్గరివి. అరబ్బీవారి ‘సందూక్’ మన ఇళ్లలో ‘సందుగ’ అయింది. ఇప్పుడు ఆ పెట్టె మీద గాజుపలక వేసి టీపాయిగా వాడుకునేవారు చాలామంది. అందులో ఇత్తడి పొదిగినది కాదు, పైన మేకులతో కొట్టినది. దాని అందం దానిది. యూరప్‌లోనూ ఈ మోజు వుండేది. బెల్జియంలో ఆడో షాల్ వంటివారు 1960ల నుంచి రాళ్ల ముక్కలను రెసిన్‌లో పొదిగి బల్లలు చేశారు. నేడు వాటికి వేలంపాటల్లో మంచి ధర పలుకుతోంది.

మరి మీ ఇంట్లోది ఏది? తెలుసుకోవడం కష్టం కాదు. ఫ్రిజ్ తలుపుకు అంటించిన అయస్కాంతం తీసి ఇత్తడి మీద పెట్టండి. పట్టుకుంటే లోపల ఇనుము, పైన పూత. గోటితో గీత మీద రాయండి. పొదిగిన తీగ చెక్కతో సమంగా వుంటుంది, రంగు అయితే గోటికి లేస్తుంది. బల్లను తిరగేసి చూడండి. అంచున పొరలు పొరలుగా కనబడితే ప్లైవుడ్. రాతి పలక అయితే దీపాలార్పి అంచుకు టార్చి పెట్టండి. చలవరాయి లోపలనుంచి పాలవలె వెలుగుతుంది, అకీకు నిప్పుకణికవలె కనబడుతుంది. గోటికి గీత పడితే అది చలవరాయి కాదు, మెత్తని బలపపు రాయి.

ఇక కాపాడుకోవడం. ఈ వూళ్లో వేసవిలో బయట గాలి తడి, ఇంట్లో ఏసీ గాలి పొడి. తడికి చెక్క ఉబ్బుతుంది, పొడికి ముడుచుకుంటుంది. ఇత్తడికి ఆ గుణం లేదు. అందుకని గాడి కదిలి తీగ పైకి లేస్తుంది. కాబట్టి బల్లను ఏసీ గాలికి ఎదురుగా గాని, ఎండ పడే కిటికీ దగ్గర గాని వుంచవద్దు. లేచిన తీగను పిల్లలు లాగకుండా చూడండి. కత్తిరించవద్దు, కొద్దిగా జిగురు వేసి బరువు పెట్టండి. మన ఆడవారికి ఇత్తడి అనగానే చింతపండు గుర్తుకు వస్తుంది. బిందెకు సరే, టీపాయికి వద్దు. పులుపు చెక్కలోకి దిగి మచ్చలు పడతాయి. డబ్బాలో వచ్చే పాలిష్ కూడా చెక్క రంధ్రాల్లో తెల్లగా మిగిలిపోతుంది. ఇసుక దుమ్మును ముందు మెత్తని కుంచెతో దులిపి, ఆ తర్వాతనే పొడిగుడ్డతో తుడవాలి, లేకపోతే గీతలు పడతాయి. చలవరాతి మీద నిమ్మరసం, కాఫీ ఒలికితే వెంటనే తుడవాలి. దీపావళికి ప్రమిదలు నేరుగా బల్ల మీద పెట్టకండి, కింద పళ్లెం వుంచండి.

ఇంత చెప్పడానికి కారణం వుంది. మాకు తెలిసిన ఒక కుటుంబం ముప్పయ్యేళ్లు ఇక్కడ వుండి, పదవీ విరమణ చేసి స్వదేశానికి బయలుదేరింది. ఇల్లు ఖాళీ చెయ్యడానికి వారం రోజులే గడువు. సోఫా, మంచాలు, ఫ్రిజ్, టీపాయి అన్నీ కలిపి ఒక పాతసామాన్ల వ్యాపారికి ఒకే మొత్తానికి ఇచ్చేశారు. నెల గడిచాక అమెరికాలో వున్న కూతురు ఫోన్ చేసి అడిగింది, “అమ్మా, నా బల్ల ఏదీ?” అని. ఆ అమ్మాయి నాలుగేళ్ల వయసులో ఆ బల్ల ముందు కూర్చుని, ఇత్తడి లత మీద వేలు పెట్టి తిప్పుతూ తిప్పుతూ తెలుగు అక్షరాల వంపులు నేర్చుకున్నది. తండ్రి ఈసా టౌన్ సంతలో స్నేహితుల చేత వెతికించాడు. దొరకలేదు. ఆ తల్లి మాతో ఒక్క మాట అన్నది: “మాస్టారూ, అది పాత చెక్క అనుకున్నామండీ.” తప్పు వారిది కాదు. ఆ బల్ల ఏమిటో వారికి చెప్పినవారు లేరు.

మా కార్యదర్శిగారు అడిగిన భాష విషయానికి ఇక్కడ వస్తాము. వారానికి రెండు సాయంత్రాలు మేము చెప్పే తెలుగు తీగ వంటిది. తీగను మేము అందించగలము. గాడి తొలవవలసింది ఇల్లే. అన్నం దగ్గర, కారులో, అమ్మమ్మతో ఫోనులో పిల్లవాడు తెలుగు మాట్లాడితే మా తీగ దిగి నిలుస్తుంది. లేకపోతే మేము చేసేది తాపడమే. ఉత్సవం నాడు పద్యం చదివించి మెరిపించవచ్చు, అంచు అరిగితే లోపలిది బయటపడుతుంది.

చివరగా ఒక మనవి. ఈ వారం లోపల మీ టీపాయిని తిరగేయండి. ఒక కాగితం మీద అది ఏ వూళ్లో కొన్నది, ఏ సంవత్సరం, ఎవరు మోసుకొచ్చారు, ఏ కర్ర, ఏ పని అన్నది తెలుగులో వ్రాయించండి. పిల్లల చేతనే వ్రాయించండి. తప్పులుంటే మా తరగతికి తెండి, దిద్ది పెడతాము. ఆ కాగితాన్ని బల్ల అడుగున అంటించండి. విశాఖ బల్లల మీద చేసినవారి పేరు లేకపోయింది. మన బల్లల మీద కనీసం తెచ్చినవారి పేరైనా వుండనివ్వండి. రేపు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఎవరో ఒకరు ఆ కాగితం చదివి, ఇది అమ్మవద్దు అంటారు.