బాల్యమున తగిలిన గాయములు

 

‘మొక్కై వంగనిది మానై వంగునా’ యని పిల్లలను దండించుట పెక్కు ఇండ్లలో పరిపాటి. మొక్కకు తగిలిన దెబ్బ మానైన పిదపను మచ్చగా నిలుచునను సంగతి మాత్రము పలువురు మరతురు.

నిత్యము కలహములు, దెబ్బలు, దూషణలు గల యింట పెరుగు పసివాని స్థితి యెట్టిది? అడుగుల చప్పుడును బట్టియే తండ్రి త్రాగి వచ్చెనో లేదో వాడు గ్రహించును. మూలకు ఒదుగును, నోరు మెదపడు, ఏడ్పును దిగమ్రింగును. ఆ వయస్సున వానిని కాపాడు ఉపాయములు అవియే. కాని పెరిగి పెద్దవాడై, భయకారణము తొలగిన పిమ్మటను దేహము ఆ కాపలా మానదు. తలుపు చప్పుడైన ఉలికిపడును, నిద్ర పట్టదు, భార్య మంచి చెప్పినను నమ్మలేడు, చిన్నమాటకే మండిపడును. ఆ వేదనను అణచుకొనుటకు కొందరు సారాయము నాశ్రయింతురు. అంతట వారి బిడ్డలును ఆ అడుగుల చప్పుడునే ఆలకింపవలసి వచ్చును.

అమెరికా దేశమున ఫెలిట్టి, ఆండా మున్నగు వైద్యులు 9,500 మందికి పైగా పెద్దలను వారి బాల్యమును గూర్చి విచారించి, 1998లో ఫలితములను ప్రకటించిరి. దెబ్బలు, దూషణ, తల్లిపై దౌర్జన్యము, యింట త్రాగుడు వంటి కష్టములలో నాలుగు రకములో, అంతకు మించియో అనుభవించినవారికి మద్యవ్యసనము, మనోవ్యాకులత, ఆత్మహత్యాప్రయత్నము వంటి ఆపదలు, అట్టి కష్టములెరుగని వారికన్న 4 నుండి 12 రెట్లు అధికమని తేలినది.

అట్లని బాల్యము చెరపరాని తలవ్రాత కాదు. పసిఫిక్ మహాసముద్రమందలి కవాయి దీవిలో 1955లో జన్మించిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నర్ మున్నగువారు దశాబ్దముల తరబడి పరిశీలించిరి. పేదరికము, గృహకలహములు మున్నగు పెక్కు కష్టముల నడుమ పెరిగినవారిలో సుమారు మూడవవంతు సమర్థులై, దయగలవారై యెదిగిరి. అట్టివారికి స్థిరముగ ఆదరించిన పెద్దదిక్కు ఒకరైనను ఉండిరి: అవ్వయో, ఉపాధ్యాయుడో, పొరుగింటి యిల్లాలో.

గ్రంథాలయమునకు సంబంధించిన మాట యిదియే. తలుపులు మూయువేళ వరకు కదలని బాలుడు చదువుపై మక్కువచేతనే కూర్చుండెనని తలపరాదు. ఇంటికి పోవ జంకుచుండవచ్చును. వానిని గ్రుచ్చి గ్రుచ్చి అడుగనక్కరలేదు. పేరుపెట్టి పిలిచి, ‘రేపును రా, నాయనా’ యనిన చాలును. ఆ మాట ప్రతిదినము నిలుపుకొనవలెను. వాడు నోరు విప్పిననాడు ఓపికతో వినవలెను. బిడ్డకు అపాయము కలదని తోచినచో 1098 సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును.

పాతగాయముతో బాధపడు పెద్దలకు 2022లో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యపై ఉచితముగ లభించును, తెలుగుననే మాటలాడవచ్చును. జ్వరమునకు వైద్యుని జూచుట సిగ్గు కానట్లే, మనోవేదనకు సాయము కోరుటయు సిగ్గు కాదు.

పాతికేండ్లుగా ఈ గ్రంథాలయము గ్రామమునకు పుస్తకముల నందించినది. బెదరిన బిడ్డకు ఇచట కొంతసేపు నిర్భయముగ కూర్చుండు చోటు దొరకినచో, అదియు దీని సేవయే యగును.